గొట్టం నోరు

ఆర్విన్ ట్యాడెన్ పొద్దున్నే కాఫీ కన్నా ముందు కాలవగట్టుకు పోతాడు. పొలంలో ఊరే నీరు బయటికి పోవడానికి తాతలు అడుగున పాతిన మట్టిగొట్టాలు అక్కడే నీళ్లు కక్కుతాయి. గొట్టం నోట్లో చెయ్యి పెట్టి, ధార తగిలితేనే ఊపిరి వదులుతాడు. మా అయోవా నేల పైకి కాటుకలా నల్లగా ఉంటుంది. మూరెడు తవ్వితే మాత్రం, ఒకప్పుడు కొండంత మంచు పాకుతూ నూరిపోసిన బూడిదరంగు బంకమట్టి. చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. చిన్నప్పుడు తమ గుర్రాల జత అందులో దిగబడి, మెడల దాకా కూరుకుపోవడం చూశాడతను. అప్పట్నుంచి ఎక్కడైనా మడమతో నొక్కి చూశాకే అడుగేస్తాడు, చర్చి పచ్చిక మీదైనా సరే. "ఏం మామా, పాస్టరుగారు మునిగిపోతారనా?" అని కుర్రాళ్లు ఏడిపిస్తారు.

ఈ మే నెలలో ముసురు పట్టి వెలిసింది. పైమట్టి ఎండి తెల్లబడింది. పక్కవాళ్లు మొక్కజొన్న విత్తడం చూసి అతని భార్య వెర్నా ట్రాక్టరు తీసింది. అదే సమయానికి ఆర్విన్ గొట్టంలో చెయ్యి పెట్టాడు. చెయ్యి పొడిగా వచ్చింది. గొట్టం లోపలెక్కడో పూడుకుపోయింది. మరి అంత వాననీరూ ఎక్కడున్నట్టు? పొలం కిందే! పరుగెత్తాడు. ఆ పరుగులో ఏ అడుగూ నొక్కి చూసుకోలేదు. పల్లంలోకి దిగబోతున్న ట్రాక్టరుకు ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు.

"చావడానికొచ్చావా? నేల పెంకులా ఎండిపోతేనూ!" అంది వెర్నా.

"ముందు వెనక్కి తియ్యి!"

తీసింది. "చూశావా, ఏమీ కాలేదు. నువ్వూ నీ పిరికితనమూ! ఇక పక్కకు తప్పుకో."

ఆర్విన్ కదల్లేదు. "తాడు తే వెర్నా," అన్నాడు మెల్లగా.

అప్పుడు చూసిందామె. అతని మోకాళ్లు కనబడటం లేదు.