కౌజు పలికే గుట్ట

తొంభైల చివర తిరువూరులో మా అద్దె ఇల్లు ఊరి చివరి వీధిలో ఉండేది. ఇంటి వెనక పొలాలు, పొలాల వెనక గుట్ట. గుట్ట అటవీ శాఖది, అంటే అందరిదీను. తెల్లవారుజామున నేను సగం నిద్రలో ఉండగా అక్కణ్ణించి కౌజుపిట్టలు కూసేవి. ఇప్పుడు ఫారాల్లో పెంచి అమ్ముతున్న చిన్నపిట్టలు కావు. ఇవి బూడిదరంగువి, కోడిపెట్టలో సగం ఉంటాయి, ఎగరడం కంటే పరుగెత్తడమే వీటికి ఇష్టం. ఒకటి పొడిపొడిగా రెండు పలుకులు పలికి, గొంతు సవరించుకుని, మూడు ముక్కల కూత అందుకునేది. ఇంకొకటి ఎక్కడినుంచో జవాబిచ్చేది. ఆ రెండింటి మధ్య నేను మళ్ళీ నిద్రలోకి జారేవాణ్ణి. కలలో గుట్ట పొలాలు దాటి వచ్చి మా పెరట్లో నిలబడేది. లేచాక కూడా కాసేపు అది అక్కడే ఉందనిపించేది.

నేను బడిపంతులుని. అర్చకుల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ పిట్ట మాంసం రుచి ఎలా ఉంటుందో ఎరగను. స్టాఫు రూములో తోటి మాష్టార్లు కౌజు కూర గురించి లొట్టలు వేస్తూ చెప్పి, "తిననివాడివి, నీకెందుకయ్యా ఆ పిట్టల గోల" అని ఆటపట్టించేవారు. నాకు చెవులున్నాయి కదా అనేవాణ్ణి.

ఆ పిట్టలని గుట్ట మీంచి వెళ్ళగొట్టింది కూడా నేనే. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజుల్లో ఊరూరా అడవిని కాపాడే సమితులు పెట్టారు. చదువుకున్నవాణ్ణని మా సమితిలో రాతకోతలు నాకు అప్పజెప్పారు. నాకు శుభ్రం పిచ్చి. బడి ఆవరణలో ఎండుటాకు కనిపిస్తే ఒళ్ళు మండేది. అదే కళ్ళతో గుట్టను చూశాను. అడ్డదిడ్డంగా పెరిగిన పరికి కంప, రేగు పొదలు, బలుసు, మోకాలెత్తు గడ్డి. ఇదేం అడవి, బూజు పట్టిన అటకలా ఉంది అనుకున్నాను. శ్రమదానం పెట్టించాను. నాలుగు ఆదివారాల్లో కంపంతా కొట్టించి కుప్పలేసి తగలబెట్టించాను. మిగిలిన చెట్ల చుట్టూ రాళ్ళు పేర్చి సున్నం కొట్టించాను. చూడ్డానికి వచ్చిన అధికారి "పార్కులా ఉందండీ మాష్టారూ" అని మెచ్చుకున్నారు. ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

మరుసటి వేసవిలో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఎందుకు మెలకువ వచ్చిందో తెలియలేదు. బావి గిలక చప్పుడు, రోడ్డు మీద మొదటి బస్సు హారను, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఏదో లేదు. మంచం మీద చాలాసేపు అలాగే పడుకుని విన్నాను. గుట్ట పలకడం లేదు.

గుట్ట కింద ఒకాయన ఉండేవాడు. మేకలు కాసేవాడు, దానితోపాటు కౌజులు పట్టేవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర మచ్చికైన మగ కౌజు ఒకటి వెదురు గూట్లో ఉండేది. దాన్ని దీమం అంటారు. తెల్లారేసరికి గూటిని పొద పక్కన పెట్టి, మీద కప్పిన గుడ్డ తీస్తే అది కూస్తుంది. తన తావులోకి ఇంకొకడు ఎవడు వచ్చాడని అడవి పిట్ట రోషంతో పరుగెత్తుకొస్తుంది. వచ్చి ఉచ్చులో పడుతుంది. ఆయన ఇంటికెళ్ళి అడిగాను.

"కౌజులన్నీ ఏమైపోయాయి బాబాయ్? నువ్వే పట్టేశావా?"

ఆయన నావంక తేరిపార చూశాడు. "ముప్పై ఏళ్ళు పట్టానండి, అవి తరగలేదు. మీరు నాలుగు వారాల్లో ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చేశారు. ఇక అవెక్కడ పడుకుంటాయి? గుడ్లెక్కడ పెడతాయి? డేగ వస్తే ఎక్కడ దూరతాయి పంతులుగారూ?"

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

మళ్ళీ పొదలు పెంచుదాం, దారి చెప్పమన్నాను. మొదటి పని ఏమీ చేయకపోవడమేనన్నాడు. గడ్డి కొయ్యకూడదు, ఆకు ఊడవకూడదు, ఎండుకంప పడితే పడినచోటే ఉంచాలి. నాకు ఇంతకంటే కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. సున్నం కొట్టిన రాళ్ళు తీసుకెళ్ళి వాగుల్లో అడ్డంగా పేర్చాం, వాననీరు నిలవడానికి. రేగు విత్తనం ఎక్కడ దొరుకుతుందంటే నన్ను తన మేకల దొడ్డిలోకి తీసుకెళ్ళాడు. మేకలు పగలు రేగుపండ్లు మేసి, తర్వాత నెమరు వేస్తూ గింజలు ఉమ్మేస్తాయి. దొడ్డి ఊడిస్తే గంపెడు గింజలు వచ్చాయి. నా జీవితంలో చీపురు మంచిపని చేసింది ఆ ఒక్కచోటే.

మేకల్ని మాత్రం గుట్ట ఎక్కనివ్వకూడదు. ఆయన తన మందను రోజూ దూరం తోలుకుపోయి మేపుకొచ్చేవాడు. ఉచ్చులు కూడా మానేస్తానని సమితి ముందు మాటిచ్చాడు. ఎవరూ నమ్మలేదు. "పిట్టంటూ వస్తే మొదట పట్టేది ఈయనే" అని అధ్యక్షుడు నవ్వాడు. "పట్టడు, పూచీ నాది" అన్నాను. అన్నానే గాని నాకూ లోపల గట్టి నమ్మకమేమీ లేదు.

దీమాన్ని మాత్రం ఉంచుకున్నాడు. పిట్టలు తిరిగొచ్చిందీ లేందీ అదొక్కటే చెప్పగలదన్నాడు. ఆదివారాలు తెల్లవారకముందే ఇద్దరం గుట్ట ఎక్కేవాళ్ళం. ఆయన గూటిని కింద పెట్టి గుడ్డ తీసేవాడు. కింద పొలాలు మంచులో మునిగి ఉండేవి. తిరువూరు దీపాలు అందులో తేలుతూ ఒక్కొక్కటే ఆరిపోయేవి. దీమం కూసి, తల ఓరగా పెట్టి వినేది. మేమూ వినేవాళ్ళం. ఆ ఉదయాలు ఎన్నో నాకు తెలియదు. తలుచుకుంటే అన్నీ కలిసి ఒక్క పొడవాటి ఉదయంలా అనిపిస్తాయి. అందులో మేం మెల్లమెల్లగా ముసలివాళ్ళమవుతుంటే మా చుట్టూ గడ్డి పెరుగుతూ ఉంటుంది.

రెండు వేసవులు జవాబు రాలేదు. దీమం కూతలు తగ్గించేసింది. "బదులు లేకపోతే ఇది మూగబోతుందండి" అన్నాడు బాబాయ్. "ఒకసారి మానేస్తే మళ్ళీ కుయ్యదు. ఈ ఏడాది దాటితే ఇక మనకి తెలిసే దారి లేదు." నేను బడిలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి గుట్ట వైపు చూసేవాణ్ణి. పిల్లలు నవ్వుకునేవారు.

మూడో ఏడు శివరాత్రి వెళ్ళి చలి తగ్గింది. రేగు మొక్కలు నడుమెత్తు పెరిగి ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. ఆ ఆదివారం దీమం ఒక్కసారి, అదీ సగమే కూసి ఊరుకుంది. ఇక లేద్దామనుకుంటుండగా గడ్డిలోంచి మూడు ముక్కల కూత వచ్చింది. నేను కలేమో అనుకుని బాబాయ్ మొహం చూశాను. ఆయన ఊపిరి బిగపట్టాడు. దీమం ఒళ్ళంతా ఉబ్బించి బదులిచ్చింది. గడ్డి కదిలింది. మెడ నిక్కించుకుని మగ కౌజు ఒకటి నేరుగా గూటి మీదికి పరుగెత్తుకొచ్చి పొడవడం మొదలుపెట్టింది. బాబాయ్ మోకాలికి అది జానెడు దూరంలో ఉంది. మేమున్నామనే గమనింపే దానికి లేదు.

ఆయన చేతులు రెండూ మెల్లగా లేచాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. అరిస్తే పిట్ట బెదిరి పోతుంది, ఊరుకుంటే దొరికిపోతుంది. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత వాటిని తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

పిట్ట గూటిని ఇంకా నాలుగుసార్లు పొడిచి, రెక్కలు దులుపుకుని, దర్జాగా నడుచుకుంటూ రేగు పొదలోకి వెళ్ళింది. లోపల్నుంచి ఇంకొక గొంతు సన్నగా పలకరించింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండ మా పాదాల మీదికి వచ్చేదాకా ఆయన కదల్లేదు.

"వెళ్ళిపోయింది బాబాయ్, చేతులు తియ్యి" అన్నాను.

"తెలుసండి పంతులుగారూ. ఇంకాసేపు ఇలాగే ఉండనివ్వండి. పట్టడం మానేశానని నాకు తెలుసు గానీ, ఈ చేతులకి ఇంకా తెలీదు."