కరెంటు పోయినప్పుడు చేసే పరీక్ష

మల్లిక ఏం పని చేస్తుందో భివండిలోని ఆ గల్లీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఊరి పక్క కాల్హేర్ గోదాముల్లో బిల్లులు కొట్టే పని కాబోలని పక్కింటి శాంతాబాయి ఏడాదిగా నమ్ముతోంది. మల్లిక కూడా ఆమె నమ్మకాన్ని చెడగొట్టలేదు. చెప్పబోతే టీ చల్లారేంత కథ అవుతుంది మరి.

కింద వాళ్ల సొంత కార్ఖానా, నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వాటిని నడిపేది తల్లి వెంకవ్వ. కార్ఖానా మీద వేసిన రేకుల గదిలో మల్లిక లాప్‌టాప్. సాంచాలు నడుస్తుంటే బల్ల మీద గ్లాసులో నీళ్లు కూడా వణుకుతాయి. అందుకే ఠాణేలోని ఆఫీసువాళ్లతో మాట్లాడేటప్పుడు తన మాట పూర్తికాగానే మైకు కట్టేసేది. మరాఠీ బడిలో చదివి, ఊళ్లోని కాలేజీలోనే డిగ్రీ చేసి, ప్రోగ్రాములు పరీక్షించే పనంతా సొంతంగా నేర్చుకున్న పిల్ల. మిగతావాళ్లంతా పేరున్న కాలేజీల వాళ్లు. ఈమెను తీసుకోవడానికి టీము పెద్ద భూషణ్ పైవాళ్లతో వాదించాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరుకి తేలుస్తామన్నారు.

అప్పగించిన పని ఒక బ్రిడ్జి. నదుల మీద కట్టేది కాదు. డిజిటల్ డబ్బు లెక్కలు రాసే బ్లాక్‌చెయిన్‌లో కింద ఒక పొర ఉంటుంది, నమ్మకమైనదే కానీ నెమ్మది. దాని మీద ఇంకో పొర, చురుకైనది. కింది పొరలోని టోకెన్, అంటే ఆ డబ్బు, పైకి రావాలంటే దానికి కింద తాళం వేసి, అంతే లెక్కన పైన కొత్తది పుట్టించాలి. కింద తాళం పడిందని పైకి కబురు చేరవేసేందుకు మధ్యలో ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఒక్క తాళానికి పైన రెండు పుట్టాయంటే అందులో ఒకటి ఉత్తుత్తిదే. జనం అన్నీ వెనక్కి తెచ్చుకునే రోజున చివర నిలబడ్డవాళ్ల చేతికి ఏమీ మిగలదు.

మల్లిక మూడు వారాలు దాన్ని పీడించింది. కాస్తంత పంపింది, బోలెడంత పంపింది, సున్నా పంపింది, తప్పుడు చిరునామాకి పంపింది. రెండొందల పద్నాలుగు పరీక్షలు చేశాక బుధవారం నాడు ‘సిద్ధం’ అని రాసి కింద తన పేరు పెట్టింది. శనివారం పొద్దున బ్రిడ్జి జనానికి తెరవాలి.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాల మోత ఒక్కసారిగా ఆగేసరికి చెవులు గుయ్యిమన్నాయి. మంచినీళ్ల కోసం మల్లిక కిందికి దిగింది. వెంకవ్వ ఒక్కో సాంచా దగ్గర ఆగి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి, ఆఖరున అడ్డంగా పడ్డ పేకపోగు లాగేసి, ఆ పోగును మోసే నాడెను దాని పెట్టెలోకి నెట్టి పక్కదానికి పోతోంది. మల్లిక పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఎందుకో అడిగింది.

“అవ్వా, లైట్ వచ్చినంక చూసుకుంటె కాదా?”

“వచ్చినంక ఏం జూస్తవే బిడ్డా? యాడ ఆగిందో సాంచాకు యాదుండదు. మనమే యాదుంచుకోవాలె. లేకుంటె పడ్డ పోగే మల్లా పడ్తది, బట్ట తానంత ఖరాబ్.”

మల్లిక గ్లాసు అక్కడే పెట్టేసి మెట్లెక్కింది. రెండొందల పద్నాలుగు పరీక్షల్లో ఒక్కసారైనా కబురు చేరవేసే ప్రోగ్రామును పని మధ్యలో ఆపి చూడలేదు. కరెంటు కోతల నడుమ పెరిగిన తనకే తట్టలేదు! సిగ్గనిపించింది.

లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది, ఫోన్లో నెట్ ఉంది. టోకెన్లు పంపుతూ ఆ ప్రోగ్రామును నడుమ నడుమ ఆపడం మొదలుపెట్టింది. పదకొండు సార్లు ఏమీ కాలేదు. పన్నెండోసారి అది పైపొరకి కబురు చెప్పింది కానీ, చెప్పినట్టు తన దగ్గర రాసుకునేలోపే ఆగిపోయింది. మళ్లీ నడపగానే, అసలు చెప్పలేదనుకుని అదే కబురు రెండోసారి చెప్పింది. ఐదు పంపితే పైన పది పుట్టాయి.

దొరికిందని ఒక్క క్షణం ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే ‘సిద్ధం’ అని తాను రాసింది తెరిచి చూసింది. కింద ఉన్న సంతకం తనదే. ఈ పరీక్ష చేయమని ఎవరూ అడగలేదు, చేసినట్టు ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే నెలాఖరుకి ఉద్యోగం ఖాయం.

తన సంతకం కిందే రాసింది: ‘నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్రిడ్జి తెరవకండి.’ ఆ తర్వాతే భూషణ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆ పిల్ల ధైర్యమంతా ఆ వరసలోనే ఉంది. ముందు ఫోన్ చేసి ఉంటే, రాయొద్దని ఆయన అనేవాడేమో!

ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. “నిన్న నువ్వే కదా అంతా బాగుందని రాశావు?” అన్నాడు భూషణ్.

“తప్పు రాశాను సార్.”

“ఆ ప్రోగ్రాము నడిచే సర్వర్ సరిగ్గా ఆ క్షణంలోనే ఎందుకు ఆగుతుంది మల్లికా? అలా ఎక్కడ జరుగుతుంది?”

“మా భివండిలో రోజూ జరుగుతుంది సార్.”

అంతలో కరెంటు వచ్చింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే అందుకున్నాయి. మల్లిక చెయ్యి అలవాటుగా మైకు మీదికి వెళ్లి, అక్కడే ఆగింది.

“ఏమిటా చప్పుడు?”

“సాంచాలు సార్. మా అమ్మ నడుపుతుంది.” తల్లి చక్రం వెనక్కి ఎందుకు తిప్పుతుందో పూసగుచ్చినట్టు చెప్పింది. భూషణ్ పన్నెండోసారి ఏం జరిగిందో మళ్లీ చెప్పించుకున్నాడు. చివరికి, “సరే, ఆపిస్తాను. పైవాళ్లు నా తల తింటారు, తిననీ,” అన్నాడు.

తిన్నారు కూడా. మల్లిక ఉద్యోగం ఖాయం చేయడాన్ని మూడు నెలలు వెనక్కి జరిపారు. ఒక తాళానికి రెండో కబురు వస్తే పైపొరే దాన్ని కాదనేలా సరిచేయడానికి ఆరు రోజులు పట్టింది. మల్లిక ఆ ప్రోగ్రామును అరవై మూడు చోట్ల ఆపి, మళ్లీ నడిపి, ప్రతిసారీ లెక్క చూసి, అప్పుడు సంతకం పెట్టింది.

బ్రిడ్జి తెరిచిన ఐదో వారంలో సర్వర్ నిజంగానే నడిమధ్యలో ఆగిపోయింది. తొంభై ఆరు మంది టోకెన్లు దారిలో ఉన్నాయి. మళ్లీ నడిచాక తొంభై ఆరూ ఒక్కొక్కసారే చేరాయి, ఒక్కరికీ తేడా తెలియలేదు. భూషణ్ ఆ తొంభై ఆరింటి జాబితాను మల్లికకు పంపాడు. దానికింద ఒకే వాక్యం: ‘మీ అమ్మకు చూపించు.’

చూపిస్తే వెంకవ్వకేం అర్థమవుతుంది? మల్లిక ఇంకో పని చేసింది. పరీక్షల పట్టీలో నడుమ ఆపి చూసే ఈ పరీక్షకి పేరు పెట్టాల్సిన గడిలో ‘వెంకవ్వ’ అని రాసింది.

మూడు నెలలు గడిచి ఉద్యోగం ఖాయమైన వారం, వెంకవ్వ టీ పట్టుకుని పైకి వచ్చింది. స్పీకర్లో నమ్రత అనే కొత్తమ్మాయి గొంతు వినిపిస్తోంది. “అన్నీ అయ్యాయి, ఇంకా వెంకవ్వ చేయలేదు. అది కాకుండా నేను సంతకం పెట్టను,” అంటోంది హిందీలో.

“నా పేరెందుకు తీస్తుంది ఆ పోరి?” అంది వెంకవ్వ.

మల్లిక మైకు కట్టేసి చెప్పింది. వెంకవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. “గీ మాత్రందానికి నా పేరెందుకే,” అంటూనే మంచం అంచున కూర్చుంది. ఆ మాటలు అర్థం కాకపోయినా తన పేరు ఇంకోసారి వస్తుందేమోనని చెవి అటే పెట్టింది. రెండుసార్లు వచ్చింది.

మూడోసారికి కరెంటు పోయింది. వెంకవ్వ లేచి చక్రాలు తిప్పడానికి కిందికి దిగింది.