లస్కరు షుగరు మట్టం

ముందే ఒప్పుకుంటాను. ఇన్సులిన్ సిరంజి మూత ఎర్రగా ఉంటే ఏమిటి, నారింజ రంగులో ఉంటే ఏమిటి అని పావుగంట ఉపన్యాసం ఇచ్చి, ఎదురుగా రొయ్యలు మోసే ప్లాస్టిక్ ట్రేలో వణుకుతున్న పిల్లి వంక మాత్రం సరిగా చూడని తెలివి నాది. సర్వీసంతా వాడినా ఆ తెలివి అరగలేదు, కొత్తదానిలాగే ఉంది.

పదవీ విరమణకు ముందు ఏడాది, గోదావరికి ఎర్రనీరు తగిలిన రోజులు. ధవళేశ్వరం బ్యారేజీకి అవతల ఒక ఏరియా పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్నాను. మా శాఖలో మామూలు డాక్టరుగా చేరినవాడు ఏళ్ల తరబడి గేదెల వెనక నిలబడ్డాక అసిస్టెంట్ డైరెక్టరు అవుతాడు. హోదాలో డైరెక్షన్ వచ్చి చేరుతుంది గాని, నిలబడే దిక్కు మాత్రం మారదు. చూడి పరీక్షలు, గొంతువాపు టీకాలు, ఈనిన గేదె పడిపోతే నరానికి కాల్షియం సీసా, ఇదే నా ప్రపంచం. నా చేతిలో మందు సీసాల లెక్కన నడిచేది.

అలాంటి చేతికి వెంకటరత్నం గారు తన పిల్లిని అప్పగించారు. ఆయన ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువ తలుపుల దగ్గరే గడిచింది. ఎగువన నీటి మట్టం చూడటం, పై ఉత్తర్వు ప్రకారం దిగువకు ఎంత వదలాలో తేల్చడం, తలుపు ఎంత ఎత్తాలో చెప్పడం ఆయన పని. ఇల్లు ధవళేశ్వరంలోనే. పిల్లి పేరు లస్కరు. కాలువ గట్ల మీద తిరుగుతూ తలుపులు ఎత్తి దించే మనిషిని లస్కరంటారు. ఈ పిల్లి కూడా రాత్రంతా ప్రహరీ గోడల మీద గస్తీ తిరుగుతుందని ఆ పేరు పెట్టారట.

ఆ గస్తీ ఆగిపోయింది. లస్కరు కుండెడు నీళ్లు తాగుతోంది, తాగినంతా పోస్తోంది, ఎంత తిన్నా చిక్కిపోతోంది. అన్నిటికంటే నన్ను ఆపింది దాని నడక. పిల్లి మునివేళ్ల మీద నడిచే ప్రాణి. ఇది వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, చెప్పులు ఈడ్చుకుంటూ పోయే పెద్దమనిషిలా నడుస్తోంది. షుగరు ముదిరితే కాళ్ల నరాలు పట్టు తప్పడం వల్ల పిల్లుల్లో ఇలా అవుతుంది. రక్తంలోనూ మూత్రంలోనూ పరీక్ష చేస్తే నిజంగానే మధుమేహం. కుక్కల్లో కొన్నిసార్లు చూశాను గాని, పిల్లిలో నాకు అదే మొదలు.

“షుగరు నాకే అనుకున్నానండి. దీనికి కూడానా?” అన్నారు వెంకటరత్నం గారు. తర్వాత కాస్త ధీమాగా, “అయినా పర్వాలేదులెండి. షుగరు సంగతి నాకు మీకంటే బాగా తెలుసు. మీది గేదెల చెయ్యి కదా, సూది మాత్రం కాస్త చిన్నగా పట్టుకోండి,” అన్నారు.

ఆయన వెనక నిలబడ్డ వరలక్ష్మి గారు, ఆయన భార్య, ఒక్కటే అడిగారు. “బతుకుతుందా అండి? ఈయన పొద్దున్న పేపరు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా దించరు. పగలంతా నాతో మాట్లాడేది ఇదొక్కటే.” సూదులు పడకపోతే ఇది నెలలు కూడా ఉండదని నాకు తెలుసు. బతుకుతుందన్నాను. అన్నాక భయం వేసింది.

పిల్లి వైద్యంలో సూక్ష్మం ఏమిటంటే మోతాదు. రోజంతా నెమ్మదిగా పనిచేసే రకం ఇన్సులిన్, మనుషులకు వాడేదే, మందుల షాపులో తెప్పించాను. ఉదయం మేత తిన్నాక ఒక యూనిట్, సాయంత్రం ఒక యూనిట్. ఆ మందులో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. గేదెకు సీసా, దీనికి చుక్కలో చుక్క. సిరంజిలు కూడా రెండు రకాలు. ఎర్ర మూతది నలభై యూనిట్ల మందుకు, నారింజ మూతది వంద యూనిట్ల మందుకు. మాది వంద రకం. దాన్ని ఎర్ర మూత సిరంజితో లాగితే ఒకటి అనుకున్నది రెండున్నర అవుతుంది. ఈ విషయం మీదే నా ఉపన్యాసం. వెంకటరత్నం గారు ఓపిగ్గా విని, “నేను కూడా రోజూ పొడుచుకుంటానండి,” అన్నారు.

మేత కూడా మార్చాను. అప్పటిదాకా లస్కరుది మూడు పూటలా పెరుగన్నం, మధ్యలో బిస్కట్లు. అన్నం పూర్తిగా మాన్పించి ఉడికించిన చేప, కోడిమాంసం పెట్టమన్నాను. “గోదావరి జిల్లాలో పుట్టి అన్నం మానేసి బతికిన ప్రాణి ఉందా అండి?” అని వెంకటరత్నం గారు నొచ్చుకున్నారు. తన కంచం గురించే ఆ బాధ అని నాకప్పుడు తట్టలేదు.

తర్వాత నాలుగైదు రోజులకోసారి ఆయన స్కూటరు మీద బ్యారేజీ దాటి వచ్చేవారు. ముందు కాళ్ల దగ్గర మూత బిగించిన రొయ్యల ట్రే, అందులో లస్కరు. రాజమండ్రిలో కుక్కలకూ పిల్లులకూ ప్రత్యేకంగా చూసే డాక్టర్లున్నారు, అది మీకు దగ్గర కూడా అని నేనే చెప్పాను. “ఉన్నారండి. కానీ మీ హస్తవాసి వేరు,” అన్నారాయన. ఆ మాట నేను ఇంట్లో రెండుసార్లు చెప్పుకున్నాను.

వచ్చిన ప్రతిసారీ చెవి అంచున సూదితో గుచ్చి, రక్తపు బొట్టు మీటరుకి అందించేవాణ్ని. ప్రతిసారీ షుగరు ఎక్కువే. ఇక్కడే నా తెలివి పనిచేసింది. పిల్లి భయపడితే దాని షుగరు ఎగదన్నుతుంది. ఇది కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్న సంగతి. లారీల మధ్య, చీకటి ట్రేలో, నది మీదుగా వచ్చిన ప్రాణి, ఒక పక్క కుక్క మొరుగుతుంటే, ఇంకో పక్క ఇనుప చట్రంలో గేదె అరుస్తుంటే, నా బల్ల మీద వణుకుతోంది. నేను కొలిచింది దాని భయం, రాసింది మోతాదు. ఒకటిని ఒకటిన్నర చేశాను, ఆ తర్వాత రెండు చేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వరలక్ష్మి గారి ఫోను వచ్చింది. మాట సరిగా రావడం లేదు. లస్కరు తూలుతూ వచ్చి వంటింటి గడపలో పడిపోయిందట. కళ్లు తెరిచే ఉన్నాయి గాని పిలిస్తే చూడటం లేదు, కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఇన్సులిన్ ఎక్కువై షుగరు పడిపోయిన లక్షణాలు. అరగంట ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది, ఆపైన ప్రాణమే పోతుంది. పంచదార నీళ్లలో తడిపి చిగుళ్లకు రుద్దమన్నాను. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వేలితో రుద్దడమే అని చెప్పాను.

“ఇంట్లో పంచదార లేదండి,” అన్నారావిడ. “ఈయనకి షుగరొచ్చిన కాణ్నుంచి గడప తొక్కనివ్వట్లేదు. బెల్లం లేదు, తేనె లేదు. పక్కింటికి తాళం.”

ఆవిడ వెనకనుంచి వెంకటరత్నం గారి గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా: “స్కూటరు డిక్కీలో ఉన్నాయే.”

“ఏంటున్నాయి?”

“పూతరేకులు. ఆత్రేయపురంవి. పంచదారవే.”

అక్కడితో నా హస్తవాసి రహస్యం నాకు తెలిసిపోయింది. బ్యారేజీ దాటి వచ్చినవాడు తిరిగి వెళ్లేముందు మా ఆసుపత్రి పక్కనే దొరికే పూతరేకులు కొనుక్కుని వెళ్లేవాడు. రాజమండ్రి వెళ్తే దారిలో ఆ సౌకర్యం లేదు. లస్కరు వైద్యం ఆయనకు రోడ్డు పర్మిట్టు.

“ఆ గొడవ సాయంత్రం పెట్టుకోండమ్మా,” అన్నాను. “ముందు ఒక రేకు విప్పి పొడి దులపండి. గోరువెచ్చటి నీళ్లలో తడిపి రుద్దండి. నేను బయల్దేరుతున్నా.”

గ్లూకోజు సీసా, సన్న సూదులు సంచిలో వేసుకుని బ్యారేజీ దాటాను. ఆ వంతెన అంత పొడుగని ఉద్యోగంలో ఎన్నడూ అనిపించలేదు. నేను వెళ్లేసరికి వరలక్ష్మి గారు నేల మీద కూర్చుని, పిల్లి తల ఒళ్లో పెట్టుకుని, చిగుళ్లు రుద్దుతూ ఉన్నారు. వెంకటరత్నం గారు పక్కన నిలబడి రేకులు విప్పి పొడి దులిపి అందిస్తున్నారు. ఒక్క రేకు కూడా ఆయన నోటికి పోలేదు. కాళ్లు కొట్టుకోవడం అప్పటికే ఆగింది. మీటరులో అంకె నలభైకి కూడా చేరలేదు. ముందరి కాలి నరానికి పలచన చేసిన గ్లూకోజు మెల్లగా ఎక్కించాను. అంకె పెరిగింది. కాసేపటికి లస్కరు తల ఎత్తింది. అందరినీ ఒకసారి చూసి, వెంకటరత్నం గారి వేలికి అంటిన పంచదార నాకింది.

పొద్దున్న ఎంత ఇచ్చారని అడిగాను.

“మీరు రెండన్నారు. లేవగానే నా మీటరుతో చూస్తే మట్టం ఎక్కువుందండి. అందుకని మూడు వదిలాను,” అన్నారు. నిన్న? “నిన్న తక్కువుందని ఒకటిన్నర వదిలాను.” వదలడమే ఆయన మాట. నలభై ఏళ్ల అలవాటు. ఎగువన మట్టం పెరిగితే తలుపు ఎత్తాలి, తగ్గితే దించాలి. కాలువకు అది సరైన పద్ధతి. ఇన్సులిన్‌కు కాదు. సూదికి ముందున్న అంకె అసలు సంగతి చెప్పదు. సూది వేసిన నాలుగైదు గంటలకు షుగరు ఎంత అడుగుకు దిగిందన్నది చూడాలి. మోతాదు మారిస్తే వారం రోజులు కదపకుండా ఉంచాలి.

ఆయన్ని కోప్పడదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ మూడులో రెండు నేను రాసినవే. భయపడిన పిల్లి షుగరు చూసి నేను ఒక తలుపు ఎత్తాను, పొద్దుటి అంకె చూసి ఆయన ఇంకో తలుపు ఎత్తారు. పైగా అన్నం మాన్పించాక అసలు అవసరమే తగ్గిపోయింది. ఆ మాట ఆయనకూ చెప్పాను. “అయితే ఇద్దరం కలిసే ముంచామంటారు,” అన్నారు. “ముంచబోయాం,” అన్నాను.

ఆ రోజునుంచి పద్ధతి మార్చాను. మోతాదు మళ్లీ ఒక యూనిట్‌కు దించాను. లస్కరు ఆసుపత్రికి రానక్కర్లేదు. దాని చోట, దాని గోనెసంచి మీద పడుకుని ఉండగానే వారానికొక రోజు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రెండేసి గంటలకు షుగరు చూడాలి. కొలిచేది వెంకటరత్నం గారు, సూది వేసేది వరలక్ష్మి గారు. ఆయన కాస్త చిన్నబుచ్చుకుంటే, మీ శాఖలో మట్టం చదివే మనిషే తలుపు ఎత్తుకుంటాడా అని అడిగాను. “ఎలా ఎత్తుతాడండి, ఉత్తర్వు రావొద్దూ?” అన్నారు. ఆ మాటతోనే ఒప్పుకున్నారు.

ఇంటి దగ్గర కొలిచిన అంకెలు నా బల్ల మీద వచ్చిన వాటిలో సగం కూడా లేవు. ఒకటి అరయూనిట్ అయింది. కార్తీకం వచ్చేసరికి అదీ అక్కర్లేకపోయింది. త్వరగా ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండి పదార్థాలు మాన్పిస్తే కొన్ని పిల్లులు ఇలా బయటపడతాయి. అన్నీ పడవు. ఇది పడింది. మడమలు నేలనుంచి లేచాయి. వరలక్ష్మి గారు ఒక రోజు ఫోను చేసి, మళ్లీ ప్రహరీ ఎక్కిందండి అని మాత్రం చెప్పి పెట్టేశారు.

నేను నేర్చుకున్నది కొంచెమే. ప్రాణి ఇంట్లో ఎలా ఉందో తెలియకుండా మోతాదు పెంచకూడదు. మేత మారిస్తే మోతాదు తగ్గించడానికి సిద్ధంగా ఉండాలి. ఒక మోతాదు మీద ఒక్క చెయ్యే ఉండాలి. సిరంజి మూతల గురించి నేను చెప్పినదంతా సరైనదే, దానివల్ల ఎవరికీ హాని జరగలేదు, ఉపయోగం కూడా జరగలేదు.

ఇక తీర్చుకోవలసిన లెక్క ఒకటి మిగిలింది, ఆయన నన్నన్న గేదెల చెయ్యి, హస్తవాసి మాటలది. పిల్లి పడిపోయిన ఆ సాయంత్రమే చికిత్స కార్డు మీద ఒక వాక్యం చేర్చాను. ఇన్సులిన్ వాడే ఇంట్లో అత్యవసరానికి పంచదార ఉండి తీరాలి, అందుకు ఒక పెట్టె పూతరేకులు ఉంచవలెను, పెట్టె శ్రీమతి వరలక్ష్మి గారి స్వాధీనంలో, తాళంలో ఉండవలెను. కింద సంతకం పెట్టి, ఆఫీసుకు వెళ్లాక ముద్ర కూడా వేసి పంపాను. సర్వీసంతా ముద్రకు తలవంచిన మనిషి, దీనికీ వంచారు.

కార్తీకంలో పిల్లి లేకుండా ఒక్కరే వచ్చారు. ఇన్సులిన్ ఆగింది కదా, ఇక ఆ తాళం ఎందుకండి అన్నారు. ఆయన తెచ్చిన కార్డు తీసుకుని శ్రద్ధగా చదివాను. ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా అమల్లో ఉంటుందన్నాను. ఆ ఉత్తర్వు రద్దు చేయకుండానే రిటైరయ్యాను. పూతరేకులు మెత్తబడకముందే పెట్టె మార్చాలి కాబట్టి, పాత పెట్టె డాక్టరు గారికి ఇచ్చి రమ్మని వరలక్ష్మి గారు తేల్చారు. అది వెంకటరత్నం గారే స్కూటరు మీద తెస్తారు. ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన ఎదురుగానే పెట్టె విప్పుతాను.