ఆగి ఆగి నాలుగుసార్లు

మేము ఆ సరిహద్దు పోస్టుకు చేరేసరికి మంచు మొదలైంది. రోడ్డు లోయలోనే ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. వీపు మీద సంచి, భుజానికి రైఫిలు. పైన రాతిగోడల బంకర్లు రెండు, వాటి పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో గ్యాసుతో నీళ్ళు కాచే హీటరు. ఊళ్ళో నన్ను పట్టుకున్న ప్రతివాడికీ కాల్పుల కబుర్లే కావాలి. నాకు గుర్తున్నది ఆ షెడ్డు. వింటే వినండి, లేకపోతే లేదు.

సామాన్లు దించకముందే హవల్దారు మమ్మల్ని హీటరు ముందు నిలబెట్టాడు. కింది భాగంలో కందిగింజంత బ్యాటరీ దీపం.

"పచ్చగా నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టు. ఎర్రగా, ఆగి ఆగి రెండుసార్లు మినుకుమంటే గ్యాసు అయిపోవస్తోంది. ఆగి ఆగి నాలుగుసార్లు మినుకుమంటే పొగ బయటికి పోవడం లేదు. ఆపెయ్. బయటికి రా. ఏదైనా ఆలోచించాలంటే బయటికొచ్చి ఆలోచించు" అని హిందీలో చెప్పాడు. అందరిచేతా అప్పజెప్పించుకున్నాడు.

మాలో తెలుగువాళ్ళం ఇద్దరమే. వైర్‌లెస్ సెట్ దగ్గర నేను, చీరాల వైపు. వంటశాలలో సింగరాయకొండ దగ్గర పల్లెవాడు. ఒకే ఈడు వాళ్ళం, బావా అంటే బావా అనుకునేవాళ్ళం. వాడు సెలవు నుంచి వస్తూ గోతంలో ఎండుమిరపకాయలు మోసుకొచ్చాడు. వాడు తాలింపు పెడితే పోస్టంతా దగ్గేది. పంజాబీ సెంట్రీ కళ్ళు తుడుచుకుంటూ తిట్టేవాడు. మావాడికి అదో గర్వం.

"గాలి చెడితే ముందు తెలిసేది మనకే బావా. మిరప కల్లాల్లో పుట్టిన ముక్కులు మనయి" అనేవాడు.

మా వైపు అందరి నమ్మకమూ అదే. చెడ్డ గాలైతే ఘాటు ఉండాలి, దగ్గు రావాలి. దగ్గు రాలేదంటే భయం లేదు.

ఒక వారం విడవకుండా మంచు కొట్టింది. గస్తీకి వెళ్ళినవాళ్ళు ఆలస్యమయ్యారు. మధ్యాహ్నం సెట్‌లో కబురొచ్చింది. ఇద్దరి కాళ్ళు మంచుకి కొయ్యబారాయి, గోరువెచ్చని నీళ్ళు సిద్ధంగా ఉంచండి. వంటవాడు చిన్న సెట్ తీసుకుని షెడ్డుకి పరిగెత్తాడు. కిటికీలోంచి మంచు కొడుతోందని ఖాళీ గోతం మడిచి కుక్కాడు. పైన పొగగొట్టం అప్పటికే మంచుతో పూడిపోయి ఉంది. అది ఎవరమూ చూడలేదు.

కాసేపటికి సెట్‌లో పిలిచాడు.

"బావా, దీపం ఎర్రగా కొట్టుకుంటోంది."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. ఆగుతోంది. మళ్ళీ నాలుగు."

"ఆపేసి బయటికి రా."

"ఘాటేం లేదు బావా. ఒక్క దగ్గన్నా రాలా. దీపమే చెడిపోయుంటది. కాస్త తలనొప్పి, అంతే."

"ఒరేయ్, చెప్పింది విను! బయటికి రా!"

"వాళ్ళ కాళ్ళు పోతయ్ బావా. ఇంకొక్క బకెట్టు."

తర్వాత సెట్‌లో గరగర. పిలిచాను. మళ్ళీ పిలిచాను. సెట్ పక్కవాడికి అప్పగించి, హవల్దారుతో కలిసి నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళాను.

వాడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్లు నిండుగా ఉన్నాయి. మొహం ఎర్రగా, ఇప్పుడే చేను నుంచి వచ్చినవాడిలా ఉంది. కిటికీలో నాలుగు మడతల గోతం. షెడ్డులో ఏ వాసనా లేదు. పొగ పోయే దారి మూసుకుంటే పుట్టే విషానికి వాసన ఉండదు, ఘాటు ఉండదు. బయటికి లాగి, ఊపిరి ఊది, గుండె నొక్కాం. చాలాసేపు నొక్కాం. హవల్దారే నా చేతులు పట్టుకుని ఆపాడు.

వాడు కాచిన నీళ్ళలోనే ఆ ఇద్దరి కాళ్ళూ దక్కాయి.

ఆ పోస్టులో డ్యూటీ ముగిశాక వాడి ఇంటికి వెళ్ళాను. పెరటి వెనక కల్లంలో మిరపకాయలు తొక్కి గోతాలకెత్తుతున్నారు. వీధంతా దగ్గుతోంది. వాడి భార్య నన్ను కూర్చోబెట్టింది.

"ఆయన బాధపడ్డారా అన్నయ్యా?"

"లేదమ్మా. దగ్గు కూడా రాలేదు."

ఆమె లేచి, "ప్రయాణం చేసొచ్చారు, స్నానం చేయండి. పోయిన సెలవుకి గ్యాస్ గీజరు పెట్టించి వెళ్ళారు" అంది.

చిన్న స్నానాలగది. గీజరు కింద దీపం పచ్చగానే ఉంది. తల ఎత్తి చూశాను. గాలి పోవడానికి ఉన్న ఒకే కిటికీలో గోతం కుక్కి ఉంది. నాలుగు మడతలు, అంచులు లోపలికి. షెడ్డులో నేను చూసిన మడతే.

"ఇదెవరు పెట్టారమ్మా?"

"ఆయనే. కల్లం ఘాటుకి పాప దగ్గుతోందని. ఈ గదిలోనే రోజూ దానికి స్నానం."

రెండు చేతులతో గోతం లాగేశాను.

"ఘాటొస్తది అన్నయ్యా!"

"రానీయమ్మా."

వచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పాప ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది. ఆ దగ్గు వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పటికీ కళ్ళు మూస్తే ఒకటే కనిపిస్తుంది. వాణ్ణి మంచు మీద పడుకోబెట్టాం. వెనక షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల దీపం చెబుతూనే ఉంది. నాలుగుసార్లు. ఆగింది. మళ్ళీ నాలుగుసార్లు.