విప్పని రెండు ముడులు

కాచుక్కూర్చోవడమంటే నాకు ఒళ్ళు మంట. ఈ వయసులోనూ అంతే. భోజనానికి పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి, ‘ఇదిగో, పప్పు దింపేస్తున్నాం’ అనేవాళ్ళని చూస్తే లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. మా ఇంట్లోవాళ్ళు నన్ను గడియారం మింగినవాడంటారు. అననీ. ఆ జబ్బు నాకు ఎక్కడ ముదిరిందో, దానివల్ల ఏం జరిగిందో వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇరవై మూడేళ్ళప్పుడు నాకు టీకాలు వేసే ఉద్యోగం వచ్చింది. కొండల దిగువన సాగు చేసుకునే కుటుంబం మాది. సర్కారు జీతం తెచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ సంబరం తీరకుండానే అరకు కొండల మీదకి తోసేశారు. పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట ఇది. అప్పటికి ఆ కొండలకి రైలు లేదు, అనంతగిరి మీదుగా ఎక్కాలంటే మన కాళ్ళే మనకి బండి. ఊరూరా తిరిగి పిల్లల చేతులకి మశూచి టీకా వెయ్యడం, ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళి పొక్కు లేచిందో లేదో చూసి రాసుకోవడం, అదీ నా పని.

చెప్పుకోడానికి చిన్న పనే. కానీ ఆ మందుందే, అది నా ప్రాణం తోడేసేది. సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. ఒక గొట్టం విరిస్తే పదిమంది పిల్లలకి సరిపోతుంది. విరిచాక మాత్రం దాచుకోడానికి లేదు, ఆ పూటే వాడెయ్యాలి. విరవకపోయినా వేడి తగిలితే చచ్చిపోతుంది. తడిగుడ్డ చుట్టి, కుండలో పెట్టి, ఆకులు కప్పి మోయించినా కొండెక్కిన తరవాత వారం, మహా అయితే పది రోజులు. ఆ తరవాత అది మందు కాదు, ఉత్త నీళ్ళు.

నన్ను పంపేముందు మా పై అధికారి, కాలం వృథా చెయ్యకూడదని గంటసేపు నిలబెట్టి బోధించాడు. ఆ గంటలో నేను మూడు మైళ్ళు నడిచి ఉండేవాణ్ణి. అయినా ఆయన మాట నాకు తలకెక్కింది. మావగారు పెళ్ళికిచ్చిన జేబు గడియారం తీశాను. ఠావు కాగితం మీద గీతలు గీసి వేళలు రాసుకున్నాను. ఐదుకి లేవడం, ఆరుకి బయల్దేరడం, ఎనిమిదికి ఊళ్ళో ఉండడం, పదింటికల్లా టీకాలు ముగించడం, మధ్యాహ్నానికి పక్క ఊరు. ఎవరింట్లోనూ కూర్చోకూడదు, ఏం పెట్టినా తినకూడదు, కబుర్లకి ఆగకూడదు, చేతిలో ఉన్న పని తప్ప ఇంకోటి తలుచుకోకూడదు. నాలాంటి పనిమంతుడు ఆ కొండల మీద ఇంకోడు పుట్టలేదనుకున్నాను.

పది రోజుల్లో నా తలప్రాణం తోకకొచ్చింది. ఎనిమిదికి ఊరు చేరితే కోళ్ళూ ముసలాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. మిగతావాళ్ళంతా కొండవాలు మీద, పోడు పొలాల్లో. “వస్తారు బాబూ” అంటారు. ఎప్పుడూ అంటే “ఆళ్ళ పనైపోగానే” అంటారు. సంత రోజైతే ముసలాళ్ళు కూడా ఉండరు. ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? “ఒక్క సుక్క తాగు బాబూ” అని జీలుగు కల్లు తెస్తారు. తాగితే ఐదు నిమిషాలు పట్టేదేమో, వద్దని ఒప్పించడానికి అరగంట పట్టేది. పోనీ ఖాళీగా ఉన్నాను కదా, రిజిస్టరు రాసుకుందామని కూర్చుంటే, ఆడవాళ్ళు చుట్టూ చేరి నాకు పెళ్ళయిందా, పిల్లలెందరు, మా ఊళ్ళో గేదెలెన్ని అని ఆరా. ఒక్క వరస కుదురుగా రాస్తే ఒట్టు. ఓరి దేవుడా, నేను కాలాన్ని గుప్పిట్లో పట్టుకుందామని వస్తే, వీళ్ళు దాన్ని అంబలిలా పంచుకు తాగేస్తున్నారేమిటని జుట్టు పీక్కున్నాను.

నా పెట్టే కుండా కావడిలో మోసే మనిషి ఆ కొండలవాడే. మా నాన్న వయసుంటుంది. ఒకరోజు నా తిట్లన్నీ విని నవ్వాడు.

“తారీకు సెప్తే ఈల్లకేటి తెలుస్తాది బాబూ? తాడు పంపు.”

“తాడేటి?”

అప్పుడు చెప్పాడు. పెళ్ళికైనా, తగువు తీర్చుకోడానికైనా అక్కడ కబురు పంపే పద్ధతి అదే. ఎన్నాళ్ళకి రమ్మంటే అన్ని ముడులేసిన తాడు పంపుతారు. అందుకున్న పెద్ద రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పుతాడు. ఆఖరి ముడి విప్పిన రోజున ఎంత పనున్నా మానుకుని అందరూ వస్తారు.

ఇంత సుళువైన సంగతి నాకు ముందే ఎవరూ చెప్పలేదే అని మళ్ళీ కోపం. కొత్త మందు రాగానే ఆరు ఊళ్ళకి ఆరు తాళ్ళు పంపాను. నాలుగు ఊళ్ళలో పని చూడాలి! నేను వెళ్ళేసరికి పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. పోడు పనికి సెలవు, కబుర్లు లేవు, కల్లు లేదు. రోజుకి ముప్ఫై చేతులు. నా ఛాతీ ఉబ్బిపోయింది. ఈ పద్ధతి గురించి పై అధికారికి పెద్ద ఉత్తరం రాయాలని నడుస్తూనే వాక్యాలు కూర్చుకున్నాను.

ఐదో ఊరు బొర్రా గుహల వైపు, లోయలో. సరిగ్గా ఎనిమిదికి దిగాను. ఊరు ఖాళీ. ఒక ఇంటి అరుగు మీద ఒకామె కాలికి పసుపుకట్టు కట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో మూడేళ్ళ గుంట, ఆమె కూతురు, చేతిలో చోడి సంకటి ముద్ద పట్టుకుని మూతంతా పూసుకుంటోంది. ఊరి పెద్దని నాయుడంటారు అక్కడ. ఆయన్ని లేపించాను. కళ్ళు నులుముకుంటూ వచ్చి, నన్ను చూసి తెల్లబోయాడు.

“ఏటి బాబూ, అప్పుడే వచ్చీసినావు? ఇంకా రెండు ముడులున్నాయి కదా!”

లోపలికెళ్ళి తాడు తెచ్చి చూపించాడు. నిజమే, రెండున్నాయి. నేను వేసిన ముడులే. ఎలా మిగిలాయయ్యా అని నిలదీస్తే, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. చైత్రమాసం, ఇటుకల పండగ. మగవాళ్ళంతా వేటకి అడవికెళ్ళారు. ఆయనా వెళ్ళాడు, రెండు రోజులు రాలేదు.

“మరి ఆ రెండు రోజులూ ఇంకెవరూ విప్పలేదా?”

“తాడు నా సేతికిచ్చినారు కదా బాబూ. నేను లేకుండా ఇంకొకలు ఎలగ ఇప్పుతారు? తప్పు కాదేటి?”

ఊరంతా ఆ తాడు వేలాడే గుంజ పక్కనుంచే తిరిగింది, ఒక్కరూ దాన్ని ముట్టలేదు. నా మాటకి అంత విలువిచ్చి నా రెండు రోజులు మింగేశారు. ఇష్టమొచ్చినట్టు అరిచాను. మీకు బుద్ధి లేదా, సూర్యుడు మీ నాయుడితో కలిసి వేటకెళ్ళాడా అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“రెండు రోజులుండిపో బాబూ. ఆఖరి ముడికి దూరం పోడులోవోళ్ళు కూడా దిగుతారు. లేదంటే ఇప్పుడే మనిషిని తోల్తాను, మాపటికి కొందరొస్తారు.”

మాపటిదాకా ఉంటే ఆరో ఊరు తప్పిపోతుంది. అక్కడ ఆఖరి ముడి రేపే. కుండలో రెండే గొట్టాలున్నాయి, ఎండ ముదురుతోంది. కుదరదన్నాను. కావడి ఎత్తమన్నాను.

అప్పుడు ఆ అరుగు మీది తల్లి కుంటుకుంటూ వచ్చింది. గుంట చేతిని కొంగుతో శుభ్రంగా తుడిచి నా ముందుకి చాపింది.

“దీనికేసీ బాబూ. ముందల ఇద్దరిని అమ్మవారు అట్టుకుపోనాది. ఇదొక్కర్తే ఉన్నాది నాకు.”

ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. సంకటి ఆరిపోయి మోచేతి దగ్గర అట్ట కట్టింది. గుంట భయపడలేదు, నా పెట్టెలోకి తొంగి చూస్తోంది. విరిస్తే ఒక గొట్టం. వెయ్యడానికి రెండు నిమిషాలు. ఒక్క పిల్ల కోసం గొట్టం విరిస్తే తక్కిన తొమ్మిది మంది మందు నేలపాలు, అని నా బుర్ర ఠక్కున చెప్పింది. పని నేర్చిన బుర్ర కదా!

“ఒక్కదాని కోసం ఇరిచేస్తే మిగిలింది నేల మీద పొయ్యనా? మళ్ళీ వస్తాను. మొదట నీ గుంటకే వేస్తాను.”

“ఎప్పుడొస్తావు బాబూ?”

“బేగే వస్తాను” అని కొండెక్కేశాను. పోయింది అరగంటేనని మనసులో సంతోషం కూడా పడ్డాను. థూ, నా సంతోషం కాలిపోను.

ఆరో ఊళ్ళో రెండు గొట్టాలూ విరిచి పద్దెనిమిది మందికి వేశాను. ఎనిమిదో రోజున చూస్తే ఒక్క చేతి మీదా పొక్కు లేవలేదు. మందు దారిలోనే చచ్చిపోయిందన్నమాట. అంటే అది ఆ తల్లి గుంటకి పనికొచ్చే వేళలో నేను దాన్ని పొదుపు చేసి, ఎవరికీ పనికిరాని వేళలో పోశాను.

ఇంతలో మా కావడి మనిషి సంతలో విన్నది చెప్పాడు. ఆఖరి ముడి విప్పిన రోజున ఐదో ఊరివాళ్ళంతా పిల్లల్ని తీసుకుని దిగారట. నేను వెళ్ళిపోయానని నాయుడు చెప్పినా, మళ్ళీ వస్తానన్నాడు కదా, ముడి ప్రకారం ఇవాళే వస్తాడేమోనని పొద్దు వాలేదాకా కూర్చున్నారట. “అయితే నన్నేం చెయ్యమంటావు?” అని ఆ కావడి మనిషి మీద విరుచుకుపడ్డాను. నా నివేదికలో మాత్రం ఆ ఊరి పేరుకెదురుగా ‘జనం రాలేదు’ అని అప్పటికే రాసి పంపేశాను.

కొత్త మందు కోసం కింద నుంచి టపా రావాలి. రెండు ఉత్తరాలు రాశాను, తిట్టుకున్నాను, బాట చూశాను. మూడు వారాలు దాటింది. ఈలోపు లోయలో అమ్మవారు పోసిందని కబురు. ఆ కబురు విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. మందు అందిన మర్నాడు వేకువనే లేచి, వేళలూ గీళలూ చూసుకోకుండా, దాదాపు పరుగున దిగాను.

రోగమున్న ఊళ్ళోకి పరాయివాళ్ళు రాకుండా దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. నాయుడు తీశాడు. లోపల పిల్లలంతా అప్పటికే వరసగా కూర్చుని ఉన్నారు. నేను వస్తున్నానని ముందురోజు కబురందిందట. ఆ తల్లి ఇంకా కొంచెం కుంటుతూనే, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని తెచ్చి కూర్చోబెడుతోంది. అంత పని ముందే జరిగిపోయినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎప్పటి గొంతుతోనే కేకేశాను.

“నీ గుంటేదమ్మా? మొదట దానికే వేస్తానన్నాను కదా. బేగి తే!”

నాయుడు నేల చూస్తూ అన్నాడు.

“పోనాది బాబూ. ఆరు రోజులైనాది.”

క్షమించమనడం ఆ వయసులో నాకు రాదు, ఆ భాషలో అసలే రాదు. ఆమే వరసలో మొదటి పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చెయ్యి కదలకుండా పట్టుకుంది.

“ఈల్లకేసీ బాబూ. నేను అట్టుకుంటాను.”

వేశాను. ఒకరి తరవాత ఒకరిని ఆమే పట్టుకుంది. ఆఖరి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే గాటు మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది. నేను పెట్టె సర్దడం అయిపోయినా కదల్లేక అక్కడే నిలబడ్డాను. పిల్ల ఏడుపు తగ్గాక ఆమె తలెత్తి నన్ను చూసింది.

“నువ్వెల్లు బాబూ” అంది. “నీకు ఆలీసమైపోతాది.”