ఎనిమిది పోగుల కొసరు

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో నేను ఆదోనిలో ఒక దూది మిల్లులో కాటా గుమాస్తాను. నలభై దాటాయి. చదివింది నాలుగో తరగతి. లెక్కలు మాత్రం బోరాలు తూచే కాటా పక్కన నాకు నేనే నేర్చుకున్నాను.

ఒకరోజు తెలిసిన నూలు వ్యాపారి నా చేతిలో జానెడు నూలు పట్టీ, ఒక ఇత్తడి బకిల్ పెట్టాడు. సిపాయిలు వీపున మోసే సంచికి ఉండే భుజం పట్టీ అది. రెండూ అంతవరకూ తెల్లవాళ్ల సీమ నుంచి ఓడలో వచ్చేవి. ఇకమీదట పట్టీ అయినా ఇక్కడే నేయించాలని పైవాళ్ల ఆలోచనట. పది గజాల నమూనా తనిఖీలో నెగ్గితే పని ఈ ప్రాంతానికే వస్తుంది. తనిఖీ అధికారి పదిహేను రోజుల్లో ఆదోనికి వస్తాడు.

నాకు ఎమ్మిగనూరులో మంచం నవారు నేసే పెద్దాయన గుర్తొచ్చాడు. మిల్లు నవారు వచ్చాక ఆయన వీధిలో మగ్గాలన్నీ మూలపడి, ఆయనదీ తమ్ముడిదీ మాత్రమే మిగిలాయి. తమ్ముడు కూడా మగ్గం విప్పేసి కాలువ తవ్వకానికి పోతానని మూట కట్టుకున్నాడు.

ఎమ్మిగనూరు వెళ్లి చూపిస్తే, పెద్దాయన పట్టీని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది నవారే కదప్పా! దీనికి సముద్రం దాటి పోవల్నా?"

"సిపాయి దీని మీద పండుకుంటాడా?" అంది ఆయన భార్య.

"భుజాన ఏసుకుంటాడు వదినా."

"నా పెనిమిటి నేసింది ఏసుకుంటే బరువుకు వంగిపోతాడు పాపం," అని నవ్వింది.

నేను పట్టీ చివర సూదితో విప్పి పడుగు పోగులు లెక్కపెట్టాను. మొదటిసారి నూట యాభై తొమ్మిది. తర్వాత వరసగా రెండుసార్లు నూట అరవై వచ్చేదాకా వదల్లేదు. ఆ అంకె చెప్పి ఆదోనికి తిరిగి వచ్చాను. కానీ మనసు నిలవలేదు. కాటా మీద రాయి పెడుతూ పోగులే లెక్కపెట్టేవాణ్ని. ఒక బోరా బరువు రెండుసార్లు రాసి మేనేజరుతో చీవాట్లు తిన్నాను.

తనిఖీకి నాలుగు రోజులుందనగా ఉండబట్టలేక మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాను. పది గజాలూ నేసి చుట్ట చుట్టి పెట్టారు. బకిల్‌లో దూర్చాను. కాస్త బిగువుగానైనా పోయింది. అప్పుడు తోచింది, సిపాయి వానలో కూడా నడుస్తాడు కదా అని. రెండు పట్టీలనూ చెంబులో ముంచాను. సీమ పట్టీ జారింది. మాది ఇరుక్కుపోయింది.

పోగులు లెక్కపెడితే నూట అరవై ఎనిమిది.

"నేను సెప్పింది నూట అరవై కదన్నా!"

"అవునప్పా. ఆ అంచుకు నాలుగు, ఈ అంచుకు నాలుగు కొసరేసినా. మా నాయన కాలం నుంచీ అంతే. ఉత్త లెక్కకు నేసిచ్చేదానికి చెయ్యి రాదు నాకు."

"బకిల్‌కు కొసరు అక్కర్లేదన్నా!"

ఆయన ముఖం వాడిపోయింది. అంచు పోగులు లాగేస్తే పేక వదులై పట్టీ పాడవుతుంది. మళ్లీ నేయాల్సిందే. నేను వేళ్లు మడిచాను. పడుగు పోయడానికి ఒక రోజు. రోజుకు మూడు గజాల చొప్పున మూడు రోజులకు తొమ్మిది. ఒక గజం తగ్గుతుంది. మళ్లీ లెక్కవేశాను. మళ్లీ తొమ్మిదే.

ఆ రోజే బయల్దేరబోతూ వాకిట్లో నిలబడి వింటున్న తమ్ముడు భుజాన ఉన్న మూట దించాడు. "నీకు చెయ్యి నొప్పెట్టినప్పుడు నేను కూర్చుంటా. మగ్గం ఆగకూడదు, అంతే కదా?"

పడుగు పోసేటప్పుడు వదిన పక్కనే కూర్చుని పోగులు లెక్కపెట్టింది. "నూట అరవై. ఇంక చెయ్యి తియ్యి," అని మొగుడి చేతి మీద ఒక్కటి వేసింది.

తనిఖీ రోజు పెద్దాయనా నేనూ పట్టీ తీసుకుపోతే, ఆదోనిలో అధికారి దాని మీద మగ్గుతో నీళ్లు పోసి, బకిల్‌లో దూర్చి లాగాడు. పోయింది. వెనక్కి లాగాడు. వచ్చింది. ఆయన గజం బద్ద తీసి పొడవు కొలిచాడు. పది గజాలు దాటి ఇంకా జానెడుంది. తల ఎత్తి చూశాడు.

నేను పెద్దాయన వైపు తిరిగాను.

"వెడల్పుకు వద్దన్నావు," అన్నాడాయన మెల్లగా. "పొడుగుకు వద్దనలేదు కదప్పా?"

అధికారి నవ్వలేదు. కత్తెరతో జానెడు కోసి బల్ల మీద పెట్టి, మిగతాది చుట్టి తీసుకుపోయాడు. పదకొండు రోజులకు, పట్టీ నెగ్గిందని, ముందుగా రెండు మగ్గాలకు పని ఇస్తామని జాబు వచ్చింది. తమ్ముడి మూట మళ్లీ దండెం మీది బట్టలైంది.

జాబు చదివి వినిపించి వస్తూ బస్సులో జేబు తడుముకుంటే బకిల్ చేతికి తగిలింది. వ్యాపారికి తిరిగి ఇవ్వడం మరిచాను. పట్టీ ఇక్కడిదైనా, బకిల్ ఇంకా ఓడలోనే వస్తోంది. ఆదోనిలో ఇత్తడి పోత పోసేవాళ్లు ఇద్దరున్నారు. నేను నూలు పోగు తీసి బకిల్ లోపలి కొలత చూడటం మొదలుపెట్టాను. బస్సు కుదుపులకు రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది.