గడువు పొడిగించిన ఏడాది

మా వదిన పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా ఎదురుగా ముగ్గురు కూర్చొని ఉన్నారు. బెంగళూరు ఆసుపత్రి నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "వదిన లేదమ్మా, పోయింది" అన్నాడు. ఆపైన ఫోను పక్కనున్నవాళ్ల చేతికి ఇచ్చేశాడు. అప్పటికి ఒకాయన ఇన్‌కంటాక్స్ రిటర్న్ తెరమీద సగంలో ఉంది. ఆయన ఫోనుకు ఓటీపీ వచ్చింది, అంకెలు ఒక్కొక్కటే చదువుతున్నాడు. నేను వాటిని కొట్టి, ఆ పని ముగించి, ఆ తర్వాతే లేచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. చేతులు ఆగలేదు, అంతే. సంగతి చెప్పగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఒకాయన గడప దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకొని, చప్పుడు చేయకుండా మెట్లు దిగిపోయాడు.

మా వదిన పుట్టిల్లు కృష్ణగిరి. పెళ్లై హోసూరు వచ్చేటప్పటికే కామర్సు చదివింది. చాలా ఏళ్లు ఒక ఆడిటర్ దగ్గర పనిచేసి, ఆనక సొంతంగా ఒక గది అద్దెకు తీసుకుంది. కింద పైపులూ కొళాయిలూ అమ్మే అంగడి, మేడమీద మేము. జనం ఆమెను ఆడిటరమ్మ అనేవాళ్లు. "ఆడిటర్‌ని కాదప్పా, రిటర్నులు వేసేదాన్ని" అని ప్రతిసారీ దిద్దేది. ఎవరూ వినేవాళ్లు కాదు, ఆమె దిద్దడం మానేదీ కాదు. నేను లెక్కలు రాసే ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు, నలభై దాటిన నన్ను పిలిచి తన పక్కన కుర్చీ వేసింది. ఆడబిడ్డకు వదిన పని నేర్పడం చూసి చుట్టాలు నవ్వుకున్నారు. ఆమె నన్ను "పాపా" అనే పిలిచేది. తల సగం నెరిశాక కూడా నేను ఆమెకు పాపనే.

ఈ పనిలో ఉన్నవాళ్లను జనం అడిగే మొదటి మాట ఒకటే, ఎంతసేపు పడుతుందని. మా వదిన జవాబూ ఒకటే.

"పని అర్ధగంటేనప్పా. నీ కాగితాలన్నీ ఈడికి వచ్చేదానికే నెల పడుతుంది."

ఆ మాట ఎవరికీ నచ్చేది కాదు, కానీ అందులో అబద్ధం లేదు. జీతం కాగితం ఒక్కటి తెచ్చి అన్నీ తెచ్చామనుకుంటారు. రెండో బ్యాంకు ఖాతా గుర్తుండదు. ఫోన్ నంబరు మారిపోయి, ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్ముకు పోతుంది. ఆధార్‌లో తండ్రి ఇనిషియల్ ఉంటుంది, పాన్‌లో తాత ఊరి పేరూ కలిసి ఉంటుంది. అవన్నీ సరిచేసుకొని వచ్చేటప్పటికి వాళ్లకు విసుగు, మాకు విసుగు. పైగా వదినకు ఇంకో అలవాటు ఉండేది. కాగితాలు పక్కన పెట్టి, "ఈ ఏడాది మీ ఇంట్లో ఏమేం జరిగింది, చెప్పప్పా" అని అడిగేది. బర్గూరు నుంచి గ్రానైట్ రాళ్లు తోలే లారీ యజమాని ఒకాయన ఏటా వచ్చేవాడు. వ్యాపారమంతా చెప్పి, లారీ ఒకటి అమ్మిన సంగతి మాత్రం మరిచిపోయాడు. కొడుకును ఏ కాలేజీలో చేర్చినావని వదిన అడిగితే అప్పుడు బయటపడింది. లారీ అమ్మే కదా చేర్పించినానన్నాడు. ఇట్లా ఒక్కొక్కరికి ఒక పూట పట్టేది. బయట బెంచీమీద కూర్చున్నవాళ్లు గొణిగేవాళ్లు. నేను కూడా గొణిగిన రోజులున్నాయి. మధ్యాహ్నం తినాల్సిన సంగటి సాయంత్రానికి గట్టిపడి పోయేది. దాన్ని చల్లతో మెత్తగా పిసుక్కొని, గోడ వైపు తిరిగి గబగబా తినేది.

జూన్ మొదలైతే మా ఇళ్లల్లో పండగ లేదు, పెళ్లి లేదు. చుట్టాలు పిలవడం కూడా మానేశారు. రిటర్నులకు గడువైన జూలై ఆఖరు దాటాక వదిన ఒక దినమంతా పడుకొని లేచేది. లేచి తలంటుకొని, జుట్టు ఆరబెట్టుకుంటూ వాకిట్లో ఏ పనీ లేకుండా సుమ్నే కూర్చునేది. ఏటా మేము ఎదురుచూసేది ఆ ఒక్క రోజు కోసమే.

ఈసారి ఎండాకాలంలోనే ఆమెకు ఆయాసం మొదలైంది. మెట్ల మలుపులో ఆగి, ఎవరో మెసేజ్ పెట్టినట్టు ఫోను తీసి చూసుకునేది. ఆ ఫోనులో ఏమీ లేదని నాకు తెలుసు. హోసూరు డాక్టరు బెంగళూరుకు పంపాడు. అక్కడ గుండె వాల్వు పాడైందని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. జూలై దాటాక రావచ్చా అని వదిన అడిగింది. అంతకు మించి ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పాడు. మందులు రాసిచ్చాడు. వస్తూ వస్తూ బస్సులోనే ఆమె ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టింది.

తర్వాత గడువు పొడిగించారు. జూలై ఆఖరు కాస్తా సెప్టెంబరు నడుమకు పోయింది. ఆ వార్త చూసి నేను నిజంగానే సంతోషపడ్డాను. టీ తెప్పించాను కూడా. వదిన టీ తాగకుండా గ్లాసు చేతిలో పట్టుకొని కూర్చుంది.

"మనకి గడువు పెంచలేదు పాపా, పని పెంచినారు" అంది.

అదే జరిగింది. ఇంకా టైముంది కదా అని జనం రావడం మానేశారు. వచ్చినవాళ్లు కాగితాలు తెస్తామని పోయి, మళ్లీ కనబడలేదు. జూలైలో ముగియాల్సినవన్నీ సగంసగం నిలబడిపోయాయి. ఇప్పుడే పోయి ఆపరేషన్ చేయించుకో, నేను చూసుకుంటానని ఆమెతో పోట్లాడాను. అన్న అయితే రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఎవరిమీదా కోపగించుకోలేదు. చెప్పిన కారణం మాత్రం నాకు బాగా గుర్తుంది.

"సగంలో లేచిపోతే వాళ్లు మళ్లీ మొదట్నించి చెప్పుకోవల్ల కదా పాపా. ఎన్నిసార్లు చెప్పుకుంటారు?"

అందరినీ ఉద్దేశించి అన్నా, ఆమె మనసులో ఉన్నది ఉద్దనపల్లి నుంచి వచ్చే ఒకమ్మాయి అని నాకు తెలుసు. ముప్పై ఏళ్లుంటాయేమో. మామగారివాళ్లు గొర్రెలు మేపుకునే కుటుంబం. భర్త హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసేవాడు. షిఫ్టు ముగించుకొని బండిమీద ఊరికి పోతూ రాయకోట రోడ్డులో చనిపోయాడు. అతని జీతంలో పట్టిన పన్ను కొంత వెనక్కి రావాలి. దానికి చనిపోయిన మనిషి పేరుమీద రిటర్న్ వేయాలి. వేయాలంటే ఆమె అతని వారసురాలినని కాగితం తేవాలి, ఆమెకు సొంతంగా పాన్ కార్డు ఉండాలి. ఆమెకు అది లేదు. వారసుల కాగితం కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగింది. కూలి మానుకొని వచ్చినప్పుడల్లా మా మెట్లు కూడా ఎక్కేది.

మొదటిసారి వచ్చినప్పుడు వదిన అలవాటుగా ఈ ఏడాది ఇంట్లో ఏం జరిగిందని అడగబోయి ఆగింది. ఆ అమ్మాయి తనంతట తానే చెప్పింది. ఆ పొద్దు అతను తినకుండా పోయినాడని, డబ్బా ఇచ్చి పంపినానని, ఆ డబ్బా మాత్రం సొట్ట కూడా పడకుండా ఇంటికి వచ్చిందని చెప్పింది. వదిన ఏమీ రాసుకోలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా పనేమీ జరగకపోయినా కూర్చోబెట్టి నీళ్లిచ్చి పంపేది. "ఆమెను వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తే ఇదంతా మళ్లీ చెప్పల్ల" అనేది నాతో.

ఆగస్టులో పాన్ వచ్చింది. వారసుల కాగితమూ వచ్చింది. ఆమెను వారసురాలిగా ఒప్పుకున్నట్టు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చేటప్పటికి గడువు దగ్గరపడింది. ఆ రోజు బెంచీ నిండా జనం. కాళ్లు వాచి ఉంటే, వదిన కింద ఒక పీట వేసుకొని వాటిని దానిమీద పెట్టుకొని కూర్చుంది. అయినా ఆ అమ్మాయిని లోపలికి పిలిచి పక్కనే కూర్చోబెట్టుకుంది. అంకెలు అప్పటికే సిద్ధం చేసి పెట్టుకుంది. నిజంగా అర్ధగంట కూడా పట్టలేదు. ఆఖరు బటన్ నొక్కే ముందు తెరను ఆమె వైపు తిప్పింది.

"మీ ఆయన పేరే కదమ్మా, ఒకసారి చూసుకో" అంది.

ఆ అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. చదివి తలూపింది. పని అయిపోయాక లేవలేదు.

"ఇంతేనామ్మా? ఇంక ఆయన పేరుతో పనేమీ లేదా?" అని అడిగింది.

వదిన నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. "రొంతసేపు కూర్చోమ్మా, పోదువులే" అంది. బయటినుంచి ఎవరో ఇంకా ఎంతసేపని కేకేశారు. వదిన వినబడనట్టు ఉండిపోయింది. ఆ అమ్మాయి తనంతట తాను లేచేదాకా ఇంకొకరిని లోపలికి పిలవలేదు. ఆ పూట వెనకబడిన పనిని నేను రెండు రోజులు మోశాను. ఈ పనికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు ఆ పూటే గుర్తొస్తుంది.

ఆఖరు రోజు అందరూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. తెర కదలదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. వదిన పెదవులు నల్లబడ్డాయి. తడిపిన రుమాలు మెడమీద వేసుకొని, కళ్లు మూసుకొని, తెర మారిందా అని నన్ను అడుగుతూ ఉండింది. ఇంకొక రోజు పెంచారని ఎవరో ఫోన్లో చూసి చెప్పారు. వదిన కళ్లు తెరవకుండానే నవ్వింది. ఆ నవ్వులో సంతోషం గానీ కోపం గానీ లేదు. ఆ ఒక్క రోజూ కూడా పనిచేసింది. మర్నాడు అన్న కారు పిలిపించి బెంగళూరు తీసుకుపోయాడు.

ఆపరేషన్‌కు ముందు చూడడానికి వెళ్లాను. మంచంమీద చిన్నగా కనిపించింది. ఊత్తంగరై నుంచి ఏటా వచ్చే టీచరుగారి ఓటీపీ వచ్చిందా, ఆయన రిటర్న్ సరిచూడడం అయిందా అని అడిగింది. అయిందన్నాను. నిజంగానే అయింది. ఇంకా ఎవరివి మిగిలాయో అడగబోతుంటే, అవన్నీ వదిలేయమని కసిరాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"బేజారైపోయినాను పాపా. ఇంక నా చేత కాదు" అంది.

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట నేను వినలేదు. ఆయాసం అంది, కాళ్లనొప్పి అంది, కళ్లు మండుతున్నాయంది. అలసిపోయానని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆమె వేళ్లు ఒత్తుతూ కూర్చున్నాను. ఆపరేషన్ అయింది. కొన్ని దినాలు కోలుకుంటున్నట్టే కనిపించింది, గంజి తాగింది. తర్వాత జ్వరం పట్టుకుంది, వదల్లేదు. జూలైలోనే పోయి ఉంటే బతికేదా అని అన్న డాక్టరును అడిగాడట. ఖచ్చితంగా చెప్పలేమన్నాడట ఆయన. అది దయతో అన్నాడో, నిజమే అన్నాడో మాకు తెలియదు. అన్న ఇంకెవరినీ అడగలేదు.

వదినను ఇంటికి తెచ్చిన రోజు బెంచీమీద గొణిగినవాళ్లంతా వచ్చారు. పూలతోటలవాళ్లు గులాబీలు బుట్టలతో తెచ్చారు. ఉద్దనపల్లి అమ్మాయి కూడా వచ్చి, ముత్తయిదువలు పసుపు రాస్తున్నప్పుడు తాను దగ్గరకు రాకూడదని దూరంగా ప్రహరీ దగ్గరే నిలబడిపోయింది. నేను పోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. ముత్తయిదువలు పక్కకు జరిగి చోటిచ్చారు. ఆ అమ్మాయి వదిన చెంపమీద చెయ్యి పెట్టి, కొంచెం సేపు అలాగే ఉంచింది.

ఆఫీసు మళ్లీ తెరిచాను. గడువు దాటినవాళ్లు జరిమానా కట్టి వేసేవి ఉన్నాయి, వ్యాపారస్తుల లెక్కలు ఉన్నాయి. ఆమె నేర్పిన చేతులతోనే ఈ పని చేస్తున్నాను. నాకు పని ఇచ్చింది, కూర్చోవడానికి ఒక చోటు ఇచ్చింది. ఎదుటి మనిషిని చెప్పనివ్వడం నేర్పింది. ఆమె అంత ఓపిక నాకు లేదు. ఉందని చెప్పుకుంటే ఆమె దిద్దుతుంది.

కర్మలు ముగిశాక, మా ఆచారం ప్రకారం అన్నను ఒక రాత్రి నిద్రకు కృష్ణగిరిలోని వదిన పుట్టింటికి తీసుకుపోయారు. నేనూ వెళ్లాను. వాళ్లు కొత్త చాప పరిచారు, మంచి దుప్పటి ఇచ్చారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్న సరిగా నిద్రపోయింది లేదు. అక్కడా పోలేదు. తెల్లారాక అందరికీ చెప్పి, ఇద్దరం హోసూరు బస్సెక్కాము.

శూలగిరి దాటాక అన్న తల నా భుజంమీద వాలింది. మొదట ఏదో చెప్పబోతున్నాడనుకున్నాను. చూస్తే నిద్రపోయాడు, నోరు కొంచెం తెరుచుకొని ఉంది. చిన్నప్పుడు తప్ప మా అన్న నిద్రపోతుండగా అంత దగ్గరగా నేను చూడలేదు. గడ్డం పూర్తిగా తెల్లబడిపోయింది. లారీలు హారన్లు కొడుతున్నాయి, బస్సు కుదుపుతోంది, ఆయనకేమీ తెలియలేదు. హోసూరు బస్టాండులో అందరూ దిగిపోయారు. డ్రైవరు ఇంజను ఆపి దిగాడు. లేపుదామని చెయ్యి ఎత్తాను. కండక్టరు మా సీటు దాకా వచ్చి చూశాడు.

"ఉండనీమ్మా, బండి మళ్లీ బయలుదేరేదానికి టైముండాది" అన్నాడు.

అతను పోయి ముందు సీట్లో కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ అన్న ముఖంమీద పడుతుంటే, నా కొంగు అడ్డం పెట్టి పట్టుకున్నాను.